పెనిమిటి పేరు మీద గంగుబాయి దండయాత్ర

గోదావరీ పావన తీరమున, పత్తి మిల్లుల దూది రేణువులు శరన్మేఘ శకలముల వలె వీధుల తేలియాడు కాలమున, గోడ గడియారపు ముల్లు ఐదు గంటల వైపు కత్తి దూసిన సాయంవేళ, ఫ్యాను హోరే రణభేరిగా, ఫైళ్ల దొంతరలే కోటగోడలుగా వెలసిన ఒకానొక రిజిస్ట్రేషన్ ఆఫీసు ముంగిట చెప్పులు విడిచి, కార్పాస క్షేత్ర విహారిణి, కలుపుతీత ధురంధర, వితంతు వీరమాత గంగుబాయి లోనికి అడుగిడెను.

ఆమె వెనుక కూతురు నవత. ఆ వెనుక కాబోయే అల్లుడు ప్రణయ్. వీరిది గుడి, వారిది చర్చి. ఏ దేవుని ఎదుట ముడి వేయవలెనని రెండిండ్లవారు ఏడాది పొడుగునా వాగ్యుద్ధము చేసి, చేసి, అలసి, ఇద్దరు దేవుళ్లకన్న రిజిస్ట్రారే నయమని సంధి కుదుర్చుకొనిరి. అయితే సర్కారు పెండ్లికి ముందు నోటీసు పెట్టి నెల దినములు వేచియుండవలెనట. ప్రణయుని దుబాయి సెలవు ఆ నెలకు సరిగ్గా సరిపోవును. రేపటి నుండి ఆఫీసుకు వరుస సెలవులు. ఈ సంజలోగా నోటీసు పడకున్న, వరుడు విమానమెక్కును. పెండ్లి మరి రెండేండ్ల తరువాతి మాట.

ఆ దుర్గమును కాచువాడు గుమాస్తా కైలాసము. ఉపనేత్ర కవచధారి, ముద్రాదండపాణి. నవత సంధించిన ఆధార్ శరమును, ఫొటోల శరపరంపరను అవలీలగా అందుకొని, పదో తరగతి మెమోను ఒక చేత, తండ్రి మరణ పత్రమును మరొక చేత పట్టి, అతడు భయంకరముగా చిరునవ్వు నవ్వెను.

"మెమోల తండ్రి పేరు హనుమంతు. గీ కాయితంల హనుమండ్లు. ఇద్దర్ల మీ ఆయన ఎవరమ్మా? నీ నోటితోని అసలు పేరు చెప్తే, ఇద్దరొక్కరేనని అఫిడవిట్ కొడ్త."

అంతట భూమి కంపించెను. కనీసము గంగుబాయి కాళ్ల కింద కంపించెను. ఏలయన, మెడలో పుస్తె పడిన నాటి నుండి ఆ మహాసాధ్వి మగని పేరు పలికి ఎరుగదు. పలికిన మగని ఆయువు తరుగునని అత్త చెప్పినది. బతికినన్నాళ్లు అతడు "ఇగో", "ఏమయ్యా", "నవత బాపు". చివరకు అదే పేరుగల దేవునికి కూడా "గుట్ట మీది సామీ" అనియే మొక్కినది. తరుగుటకు ఆయువే లేని నేడును ఆ వ్రతము చెక్కుచెదరలేదు. వ్రతములు మరణ పత్రములు చదవవు గదా!

తానే చెప్పెదనని నవత నోరు తెరిచెను. కైలాసము చేయెత్తి వారించెను. ప్రమాణము తల్లిది కావున మాటయు తల్లిదే కావలెనట.

అప్పుడు గంగుబాయి సంకేతాస్త్రమును ప్రయోగించెను.

"కొండగట్టు మీద ఉంటడు సూడు సారూ, గా సామి పేరే."

పరమ భక్తుడగు కైలాసము కొండగట్టు ఆంజనేయుని తలచి కంప్యూటరుకే చేతులు జోడించి, ఆనందబాష్పములతో టైపు కొట్టెను: అంజయ్య.

నవత నెత్తి కొట్టుకొనెను. "ఇద్దర్ని ఒక్కని జేద్దామని వస్తే ముగ్గురైండ్రు గదనే అవ్వా!"

"ఒక్కనితోనే సంసారం ఈడ్వలేక సచ్చిన సారూ," అని గంగుబాయి కొంగు నడుమున దోపెను, "ముగ్గురిని నేనేడ సాకుదు?"

వరుసలోని జనసముద్రము ఘొల్లుమనెను. గడియారము మాత్రము నవ్వలేదు. ప్రణయ్ చెమట తుడుచుకొనుచుండెను. సెలవులైనంక రమ్మని చెప్పి కైలాసము కాగితములు వెనుకకు నెట్టెను.

ఆ నిరాశా మహాంధకారమున, కౌంటరుకు దారముతో కట్టి వేలాడుచున్న పెన్ను ఆమె కంటబడెను. పొదుపు సంఘము ఆడవాండ్ల సాయంకాలపు బడిలో, నెరిసిన తలతో, పలక పట్టి ఆమె నేర్చిన అక్షర సేనలన్నియు ఒక్కపెట్టున మేల్కొనెను.

"ఒట్టు పెట్టుకున్నది నోరు సారూ, చెయ్యి గాదు. కాయితం ఇటియ్యి."

ఏమని వర్ణింతును ఆ సంగ్రామమును! హకారము తలకట్టుతో సహా లొంగిపోయెను. నుకారము కొమ్ము వంచెను. మకారము సున్నను వెంటబెట్టుకొని శరణు జొచ్చెను. ఇక మిగిలినది డ్లు అను మహాదుర్గము. బడిలో ఏనాడును ఆ ల వత్తు డకారము కింద నిలిచినది కాదు. ఒకమారు పక్కకు పారిపోవును, ఒకమారు కింది గీత దాటి పాతాళమునకు జారును. గంగుబాయి ఊపిరి బిగబట్టి, నాలుక కొసను పండ్ల నడుమ పట్టి, పెన్నును దించెను. దారము సాగెను. వత్తు వణికెను. నిలిచెను.

కైలాసము కాగితమెత్తి పైకి చదివెను: "హనుమండ్లు."

గంగుబాయి చప్పున కొంగు నెత్తి మీదికి లాగుకొనెను, అతడే గడప దాటి లోనికి వచ్చినట్లు.

"గిదేనా అమ్మా?"

"గదే సారూ," అనెను ఆమె, తలెత్తక.

అంజయ్య చెరిగిపోయెను, అఫిడవిట్ మీద ఠప్పున ముద్ర పడెను. నోటీసు బోర్డుకెక్కెను. బయటికి రాగానే నవత, "ఓ ప్రణయ్, బండి తియ్యి," అని నడిబజారులో కేక వేసెను. గంగుబాయి చెవులు మూసుకొన్నది గాని, కొంగు చాటున నవ్వెను.

దిక్కులారా, వినుడు! ఒట్టు చెడలేదు, పెండ్లి ఆగలేదు. డకారము కింద ల వత్తు జయప్రదముగా నిలిచినది, కొంచెము ఎడమకు ఒరిగి.