సంపన్న కుటుంబం, మూడు చక్రాలు

పాత కారు విలువ ఏటికేడు పడిపోతుందన్నది ప్రజల్లో పాతుకుపోయిన అపోహ. దాన్ని శాశ్వతంగా తొలగించిన ఘనత చంద్రగిరిలో మునస్వామి ఇంటి ముందున్న తెల్ల కారుకు దక్కింది.

ఒకప్పుడు ఆ కారులో మునస్వామి తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి రోజుకు రెండు ట్రిప్పులు కొట్టేవాడు. ఆరేళ్ల కిందట ఇంజను పట్టేసింది. ఇప్పుడు వెనక సీటు కోళ్లది. (ముందు సీట్లో అవి కూర్చోవు. స్టీరింగు అడ్డం.) పాత ఇనుము కొనేవాడు చుట్టూ ఒకసారి తిరిగి, "ఎత్తుకపోతా, బాడుగ నువ్వే ఇయ్యాలప్పా" అని వెళ్లిపోయాడు.

అలాంటి కారు మొన్న మునస్వామి తల్లి జ్ఞానాంబ పింఛను ఆపించింది. 'నాలుగు చక్రాల వాహనం గల సంపన్న కుటుంబం' అని యాప్ తేల్చింది. (ఉన్నవి మూడే. కానీ మూడు చక్రాల గడి ఆటోలకు కేటాయించారు.) ఆ పింఛనుతోనే ఆమెకు బీపీ మాత్రలు. అది ఆగినప్పటి నుంచి మునస్వామి ఒక్కో మాత్రను రెండుగా తుంచి రెండు రోజులకు ఇస్తున్నాడు.

సంపన్నుడు బస్సెక్కి వాహన విలువల పరిరక్షణ విభాగానికి పోయాడు. అక్కడ జయరామ్ అనే ఉప విలువాధికారి ఉన్నాడు.

"బండి సచ్చిపొయ్యింది సార్. రికార్డులో కొట్టేయండి."

"నువ్వు సెప్తే సాలదబ్బా. నడవదని మేం సర్టిఫికెట్ ఇయ్యాల. బండి ఈడికి తోలుకోని రా."

"నడవదు గదా సార్."

"అదే గదా మేం సూడాల్సింది. ఇంటికాడ్నించి ఈడిదాకా తోలుకోనొస్తే, నడవదని ఇప్పుడే రాసిస్తా."

మునస్వామి కోప్పడలేదు. (కోపానికి వేరే కౌంటరు. మంగళవారాలు మాత్రమే.) పక్కింటి సుబ్రమణ్యం ట్రాక్టరుకు తాడు కట్టి కారును లాక్కొచ్చాడు. కోళ్లు దిగమన్నా దిగలేదు. జయరామ్ నిబంధన ప్రకారం గేటు దగ్గర ఒకే ఒక ఫొటో తీసి, యాప్‌లోకి ఎక్కించాడు.

వారానికి ఫోనులో జవాబు వచ్చింది. మునస్వామి తల్లికి చదివి వినిపించాడు. కారు కార్యాలయానికి వచ్చినందున నడుస్తున్నట్టే. ఫొటోలో కనిపించిన ట్రాక్టరు, కోళ్ల ఫారం కూడా కుటుంబ ఆస్తిలో చేర్చడమైనది.

జ్ఞానాంబ ఇంకోసారి చదివించుకుంది.

"మనకు ఇంత ఉండాదా నాయనా," అంది. "అట్లయితే ఈ పొద్దు మాత్ర తుంచబాక."