నొప్పి లేని గడ్డ, నొప్పి లేని పన్ను

ఆ పొద్దున శకుంతల వేసుకున్న ఉపాయం చాలా చిన్నది. భర్త వీరభద్రాన్ని దుకాణం తెరవకముందే దవాఖానకు పంపాలి. అసలు సంగతి అత్తకు తెలియకూడదు. అంతే.

అసలు సంగతి ఏమిటంటే, వీరభద్రం కుడి బీజంలో శనగగింజంత గట్టి గడ్డ ఉంది. నొప్పి లేదు, సలుపు లేదు. స్నానం చేస్తుంటే చేతికి తగిలిందని అతనే ఒకనాడు భార్యతో అన్నాడు. అన్నందుకు సిగ్గుపడి చాలా రోజులు ఆమె ముఖం చూడలేదు. "సైకిల్ సీటు ఒత్తుకోని ఉంటది. నొప్పే లేనిదానికి దవాఖానేంది?" అని అతని వాదం.

శకుంతల చదువు నడుమనే ఆగిపోయింది గానీ, మరిపెడలో తన చిన్నాయన ఇట్లాంటి గడ్డ గురించే సరిగ్గా ఇదే మాట అన్నాడని ఆమెకు బాగా గుర్తుంది. ఆయన నొప్పి వచ్చేదాకా ఆగాడు. నొప్పి వచ్చాక ఎక్కువకాలం లేడు. ఏడాది నిండని కొడుకును చంకన వేసుకుని ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ముద్ద దిగేది కాదు.

దవాఖానలో పొద్దున పూటే చూస్తారు. చిక్కల్లా దుకాణంతోనే. వరంగల్ బజారులో వాళ్ళది బియ్యం దుకాణం. బోణీ కాకముందు యజమాని ఇంకో పని మీద వెళ్ళడమనేది ఆ ఇంట్లో లేదు. వెళ్ళాలంటే గట్టి కారణం ఉండాలి, దాన్ని అత్త సమ్మమ్మ ఒప్పుకోవాలి. అందుకని శకుంతల భర్తను ఎట్లాగో ఒప్పించి, పంటినొప్పిని ఎంచుకుంది. నోట్లో ఉన్నదాన్ని ఎవరు తీసి చూస్తారులే అనుకుంది.

"అత్తమ్మా, ఆయినకు రాత్రంత పన్ను సలుపుడే. జర దవాఖానకు పోయొస్తరట."

"పంటికి దవాఖాననా?" సమ్మమ్మ కొడుకు దవడలో లవంగం కుక్కింది. "నా తమ్ముడు ఉండంగ పరాయోళ్ళ ముందట నోరు తెరుస్తవారా?"

ఆ తమ్ముడు వెంకట్రాజం పక్క గల్లీలో ఇత్తడి సామాను అమ్ముతాడు. ఎప్పుడో ఎవరిదో కదిలే పన్ను ఒకటి పీకి, అప్పటి నుంచి చుట్టాలందరి పళ్ళ మీదా తనకు హక్కుందని నమ్ముతున్నాడు. కబురందగానే పట్కారుతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏ పన్ను అల్లుడా?"

వీరభద్రం భార్య వైపు చూశాడు. నిజం చెబితే సిగ్గు పోతుంది, చెప్పకపోతే పన్ను పోతుంది. కొంచెం ఆలోచించి పన్ను చూపించాడు.

"గట్టిగనే ఉన్నదే," అన్నాడు వెంకట్రాజం.

"గట్టి పన్నే ఎక్కువ సలుపుతది. కానియ్యి," అంది సమ్మమ్మ.

పన్ను ఊడింది. చూస్తుండగానే చెంప పొంగింది. సమ్మమ్మ కొడుకు నోట్లో దూది పెట్టి, "ఇగ దవాఖాన తిప్పల తప్పింది. పోయి దుకాణం తెరువు బిడ్డా," అంది.

పన్ను పోయింది, గడ్డ ఉన్నచోటే ఉంది. శకుంతలకు ఇంకో ఉపాయం తోచలేదు. "ఇంకా సలుపుతాందట అత్తమ్మా."

"అయితే పక్కది," అని వెంకట్రాజం పట్కారు తుడుచుకున్నాడు. "నేను ముందే అనుకున్న."

వీరభద్రం నోట్లో దూదితో మాట రాక రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"భయపడుతాండక్కా, తలకాయ పట్టుకో."

సమ్మమ్మ పట్టుకుంది. శకుంతల బిడ్డను చాప మీద కూర్చోబెట్టి, పోయి పట్కారుకు అడ్డం నిలబడింది.

"ఆగుండ్రి. రోగం పంటిది కాదు. అసలు నొప్పే లేదు."

"నొప్పి లేకుంటే దవాఖానెందుకే పిల్లా?"

"నొప్పి లేదనే అత్తమ్మా," అని మిగతాది చెవిలో చెప్పింది.

సమ్మమ్మ తిట్టలేదు. తిట్టకపోవడం ఆమెకు అలవాటు లేని పని. "ఏ దిక్కు?" అని మాత్రం అడిగింది.

"కుడి దిక్కు."

సమ్మమ్మ కొడుకు తల వదిలేసి గోడకు చేరగిలబడింది. "వీడు పుట్టినప్పుడు ఆ దిక్కుది కిందికి దిగలే బిడ్డా. బడికి పోయే ఈడుకు దిగింది. నలుగురికి తెలిస్తే పిల్లనియ్యరని మీ మామకు సుత చెప్పలే."

ఇంట్లో ఉన్నది ఒక్కటే దాపరికమని శకుంతల ఇన్నాళ్ళూ అనుకుంది.

జట్కా వచ్చింది, వీరభద్రంతో పాటు అత్తాకోడళ్ళూ ఎక్కారు. బోణీ మాట ఎవరూ ఎత్తలేదు. దవాఖానలో కాంపౌండర్ వీరభద్రం చెంప చూసి, ఇంకేమీ అడగకుండా తీసుకుపోయి పళ్ళ రోగుల వరుసలో కూర్చోబెట్టాడు. వీరభద్రం కాదని తల అడ్డంగా ఊపాడు.

"అందరు గట్లనే అంటరు. గుంజినంక హాయిగుంటది," అన్నాడు కాంపౌండర్.

అప్పుడు సమ్మమ్మ, కట్టుకున్న మొగుడికి కూడా చెప్పని సంగతిని వరండా అంతా వినేటట్టు చెప్పింది. "నా కొడుకు రోగం నోట్లె లేదయ్యా, ధోతిల ఉన్నది. పుట్టినప్పుడే ఒకటి కిందికి దిగలే." వరుసలోని వాళ్ళంతా జరిగి దారిచ్చారు.

డాక్టర్ రాజేశ్వర్ రావు పరీక్ష చేసి చేతులు కడుక్కున్నాడు. "ఇది రాచపుండు, అంటే క్యాన్సర్ తీరుగున్నది. సైకిల్‌తోని వచ్చేది కాదమ్మా. ఎందుకొస్తదో మాకు సుత పూర్తిగ తెల్వదు. పుట్టినప్పుడు కిందికి దిగనోళ్ళకు ఎక్కువ వస్తదని మాత్రం తెలుసు. ముందుగాల నొప్పి ఉండదు, అందుకే అందరు ఆలస్యం చేస్తరు. మీరు జల్ది వచ్చిండ్రు. ఆ ఒక్కటి తీసేస్తం, రెండోది సంసారానికి సరిపోతది. కానీ ఉన్నదాన్ని స్నానం చేసినప్పుడు చేత్తోని చూసుకుంట ఉండాలె. కొత్తగ ఏం గట్టిగ తగిలినా ఆగొద్దు."

శకుంతల కొడుకును బల్ల మీద పడుకోబెట్టింది. "వీనిది సుత జర చూడుండ్రి."

డాక్టర్ చూశాడు. "రెండు దిగినయి. ఫికర్ లేదు." పిల్లవాడు డాక్టర్ చొక్కా తడిపాడు. ఆ రోజు శకుంతల మొదటిసారి నవ్వింది.

ఆపరేషన్ అయింది, కోసిన గాయం మానింది. కొన్నేళ్ళపాటు వచ్చి చూపించుకుంటూ ఉండాలని డాక్టర్ చెప్పాడు. ఇప్పుడు బజారులో ఎవరికి మగపిల్లవాడు పుట్టినా, సమ్మమ్మ చూడబోయి పేరు కంటే ముందు, "రెండు దిగినయా?" అని అడుగుతుంది. వాళ్ళు సిగ్గుపడితే, సిగ్గుపడితే ఏమవుతుందో చెప్పి మరీ వస్తుంది.

కుట్లు విప్పిన రోజు వెంకట్రాజం కూడా దవాఖానకు వచ్చి, తను పీకిన పన్నును గుడ్డ ముడి విప్పి డాక్టర్ ముందు పెట్టాడు. డాక్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా మంచి పన్ను అన్నాడు.