బీరువా నిర్గమన పర్వము

శ్రోతలారా, కుర్చీలు దగ్గరకు లాగికొని వినుడు! కోటలు కూలిన కథలు మీరు వినియే యుందురు. ఇది ఒక బీరువా గుమ్మము దాటిన కథ.

సహస్రకిరణుడు ఎదురింటి నీళ్ళట్యాంకు నధిరోహించి, తాళ్ళపై ఆరుచున్న దుప్పట్ల వ్యూహమును ఛేదించి, మూడవ అంతస్తులోని ఆ రెండుగదుల దుర్గములోనికి తొంగిచూచు వేళ, అఖిలదారువిదారణదక్షుడగు వడ్రంగియు, ఆతని భార్య యగు దర్జీయు, కాదు, ఆ ఉదయముననే మాజీభార్య యైన దర్జీయు, పడకగది గుమ్మమున కిరువైపుల నిలిచి, నడుమ నున్న శైలసన్నిభమైన చెక్క బీరువాను ఎర్రని కన్నులతో చూచుచుండిరి.

వారికి విడాకులు దొరికిన తీరు చెప్పెద. గాజుకిటికీ వెనుకనున్న గుమాస్తా తలయెత్తకయే, "ఇద్దరికీ ఇష్టమేనా?" అని యడిగెను. ఆమె "ఆ" యనెను. ఆతడు "ఊ" యనెను. ఠప్పున ముద్ర పడెను. "తరవాతెవరు?" అని గుమాస్తా కేకవేసెను. అంతే. తడిసివచ్చిన గొడుగు ఆరుటకైనను అంతకంటె కాలము పట్టును.

మెట్లు దిగుచు దర్జీ, "ఇంతేనా?" అనుకొనెను. ఏలన, ఆ కాపురమంతయు ఆమె ఎదురుచూచినది ఒక్క మాట కొరకు: "తప్పు నాది." అన్నము మాడినచో అది పొయ్యి తప్పు. రైలు తప్పిపోయినచో రైలే తొందరపడెను. ఆమె చెల్లెలి పెండ్లికి మరునాడు చేరినచో క్యాలెండరు అచ్చువేసినవాడు మోసగాడు. ఆ మాట దొరకకయే విడాకులు దొరికినవి. ఆమె దిగులంతయు అదియే. ఆమె కొత్తింటికి తీసికొనిపోవు ఆ బీరువా వాను ఎక్కినచో ఆ మాట అడుగుటకు ఇక తావు లేదు.

ఆ బీరువాయో! పెండ్లియైన కొత్తలో ఆమె బట్టలథానుల కొరకు ఆతడు ఆ గదిలోనే కూర్చుండి, ఒక్క మేకైనను కొట్టక, చెక్కలో చెక్క దూర్చి, జిగురుతో బిగించి, మరల విడదీయ వీలులేకుండ నిర్మించినది. పై అంచు ముందుకు పొడుచుకొనివచ్చి, లతాపుష్పాలంకృతమై, గజరాజకుంభస్థలమువలె మెరయుచుండెను.

"నెట్టు!" అని వడ్రంగి హాలునుండి గర్జించెను.

"నెడుతూనే ఉన్నా, నువ్వు లాగు!" అని దర్జీ గదిలోనుండి ప్రతిగర్జించెను.

హాలులో సోఫాపై, చేతిసంచి ఒడిలో పెట్టుకొని ఆసీనురాలైయున్న అత్తగారు ఉలికిపడిరి. "నువ్వా? నిన్నటిదాకా మీరు అనేదానివి కదే!"

"నిన్న మొగుడు అత్తయ్యా. ఇవాళ వడ్రంగి."

బీరువా సగము వచ్చెను. పై అంచు ద్వారబంధమును ఢీకొనెను. ఇల్లదరునట్లు చప్పుడై, ఆ మహాకాయము ముందునకు రాక, వెనుకకు పోక, గుమ్మములో స్తంభించెను. లోపల దర్జీ, వెలుపల వడ్రంగి, నడుమ వ్రేలెడు సందు.

అత్తగారు లేచి, చేతిసంచిని గదవలె నెత్తి ఇట్లు ఘోషించిరి: "కాలం పాడైపోయింది! మా రోజుల్లో విడిపోవాలంటే చెప్పులరిగేవి. పెద్దవాళ్ళు కూర్చునేవాళ్ళు, ఏడుపులు, పెడబొబ్బలు! ఆ తిరుగుడుకి విసుగొచ్చి కలిసే ఉండేవాళ్ళం. ఇప్పుడో, తపాలా బిళ్ళ కొనుక్కొచ్చినట్టు విడాకులు తెచ్చుకుంటున్నారు!"

సందులోనుండి దర్జీ స్వరము వెడలెను. "కిటికీ దగ్గర సులువే అత్తయ్యా. ఆ కిటికీ దాకా నడిచి రావడం సులువనుకున్నారా?"

"మావాడు బంగారమే!"

"బంగారమైతే ఎక్కడో ఒకచోట వంగేవాడు."

ఇట్లనుచు ఆమె మెడలోని కొలతటేపును పాశమువలె విసరి, ముందు గుమ్మమును, పిదప బీరువాను కొలిచెను. "నాలుగు వేళ్ళు ఎక్కువుంది. పై అంచు కొట్టేస్తే వస్తుంది."

"గుడ్డలు కొలిచే టేపుతో చెక్క కొలుస్తారా? అది సాగుతుంది."

"టేపు సాగదు. నువ్వు సాగదీస్తావు."

"నా కొలత తప్పదు. గుమ్మమే బిగుసుకుంది, వానలకి."

అంతలో వాను డ్రైవరు మెట్లెక్కి వచ్చి, రొప్పుచు నిలిచెను. "ఏ వానలన్నా? ఎండకి నా బండి టైర్లు కరుగుతున్నాయి. కిందేమో దారికి అడ్డమని తిడుతున్నారు. ఇది వస్తుందా, నేను పోనా?"

వడ్రంగి బీరువాను పట్టి మరల గుంజెను. అంచు కొట్టుట యనగా కొలత తప్పెనని యొప్పుకొనుటయే. ఆ ధీరుడు బీరువాను ద్వారబంధములో కలకాలముంచుటకైనను సిద్ధపడును గాని...

అప్పుడు విధి అత్తగారి రూపమున కదలెను. ఆమె ముఖము వివర్ణమయ్యెను. ఆ దుర్గమున నున్న ఏకైక బాత్రూము పడకగదిలో నుండెను.

"ఒరే," అని అత్తగారు సన్నగా పిలిచిరి. "నేను లోపలికి వెళ్ళాలి."

"కాసేపాగమ్మా."

"ఆగే పని కాదురా! తప్పో ఒప్పో, ఒప్పేసుకో!"

"నా తప్పేముందమ్మా ఇందులో?"

అత్తగారు ఒక కాలి మీదినుండి ఒక కాలి మీదికి మారుచు, కుమారుని ఎగాదిగా చూచిరి. "అచ్చం మీ నాన్నే. బతికున్నన్నాళ్ళూ ఒక్కసారి తప్పు నాదనలేదు. నాకు గనక ఆ రోజుల్లో ఆ గాజుకిటికీ ఇంత దగ్గర్లో ఉండుంటే..."

డ్రైవరు తన చెప్పులవంక చూచుకొనెను. గదిలో దర్జీ నెట్టుట మానెను.

వడ్రంగి తల్లిని చూచెను. పిదప తాను చెక్కిన పూలను చూచెను. సందునకు నోరు చేర్చి, రణరంగమున ఆయుధము జారవిడుచు యోధునివలె సన్నగా పలికెను. "గది కొలిచాను. గుమ్మం కొలవడం మర్చిపోయాను. తప్పు నాదే."

"వినపడలేదు."

"విన్నావు."

"డ్రైవరుగారూ, మీకు వినపడిందా?"

"సగం వినపడిందమ్మా."

"తప్పు నాదే!" అని వడ్రంగి సింహనాదము చేసెను. పై అంతస్తున ఎవరో కిటికీ మూసిరి. "బీరువాదీ, రైలుదీ, మీ చెల్లెలి పెళ్ళిదీ. అన్నం కూడా నేనే మాడ్చాను!"

గదిలోనుండి ముక్కు చీదిన శబ్దము, ఆపై నవ్వు వినిపించెను. ఎవ్వరినీ తాకనీయని తన ఉలిని ఆతడు సందులోనుండి లోపలి కందించెను. వెలుపలి పూలను ఆతడు మరియొక ఉలితోను, లోపలి పూలను ఆమె దానితోను కొట్టివేసిరి. బీరువా బుస్సున జారి హాలులోనికి వచ్చెను. అత్తగారు ధనుర్విముక్తశరమువలె దాని ప్రక్కగా దూసికొనిపోయిరి.

క్రింద, బీరువాను వానుపై కట్టి, చివరి ముడి బిగించుచు వడ్రంగి యడిగెను. "కొత్తింటి గుమ్మం కొలిచావా?"

దర్జీ చేయి మెడలోని టేపుమీదికి పోయి నిలిచెను. ఊరివారి భుజములు, నడుములు, మెడలు సకలము కొలిచిన ఆ మహాసాధ్వి ఆకాశమువంక చూచెను. రోడ్డువంక చూచెను. నెపము మోపుటకు అచ్చట వానలును లేవు.

"లేదు," అనెను. "తప్పు నాదే."

వడ్రంగి నవ్వలేదు. అది ఆతని జీవితములోని రెండవ పరాక్రమము. "ఉలి తెస్తానుండు," అని మెట్లవైపు పరుగెత్తెను.

డ్రైవరు ఆశగా వంగి, "కలిసిపోయారా ఏంటమ్మా?" అనెను.

"లేదు. బీరువా దించాలి కదా."

ఇట్లు, విడాకులు ఒక్క ముద్రతో దొరకు ఈ కాలమున, ఏ ముద్రకును లొంగని ఒక్క మాట ఇద్దరి నోటను జయింపబడెను. విజయభేరి లేదు, వాను హారను మ్రోగెను. బీరువాపై కప్పిన పాత దుప్పటి పతాకమై రెపరెపలాడుచుండగా, డ్రైవరుతో కూడి ఆ మువ్వురును ఇరుకుసీటులో భుజములు మడుచుకొని కూర్చుండి, కొలవని గుమ్మముపై దండెత్తిరి.