గోడకి ఇవతల

పదమూడేళ్ళు సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి, మోకాలు మొరాయించాక ఆట మానుకున్న మనిషికి ఆ ఉదయం కోచ్‌గా తొలి రోజు. ఆదివారం మ్యాచ్ చూశాకే ఉద్యోగం సంగతి తేలుస్తానని క్లబ్ సెక్రటరీ ముందే చెప్పాడు. ఫుట్‌బాల్ తప్ప మరో పని చేతకాదు కాబట్టి, మొదటి రోజే పట్టు బిగించాలని ఆయన తీర్మానించుకున్నాడు.

"ముందు వాళ్ళు చెప్పేది కాస్త వినండి," అంది భార్య.

"వింటే నెత్తికెక్కుతారు. ఇవాళ నేను చెప్పడం, వాళ్ళు చెయ్యడం. అంతే."

స్టేడియం వెనక ఒకటో నంబరు, రెండో నంబరు అని రెండు ప్రాక్టీసు గ్రౌండ్లు, మధ్య ఎత్తైన గోడ. మొదట కనిపించిన గేటులోంచి వెళ్ళి విజిల్ ఊదాడు. అంత పేరున్న ఆటగాణ్ణి చూసి అక్కడున్నవాళ్ళంతా బిలబిలా చుట్టూ చేరారు.

కెప్టెన్ చెయ్యెత్తాడు. "సార్, ఒక్క మాట..."

"ఒక రౌండు పరిగెత్తి రా. తర్వాత చూద్దాం."

రొప్పుతూ వచ్చి మళ్ళీ నోరు తెరిచాడు. "మా కోచ్ గారు..."

"పాత కోచ్ ఊసు నాకొద్దు. ఇంకో రెండు రౌండ్లు."

అది చూసి మిగతావాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. ఇక కోచ్ గారికి అడ్డు లేదు. అంతా గోలు ముందుకి ఎగబడుతుంటే ఒక్కడు మాత్రం వెనక ఆగి కార్నర్ బంతిని అందుకునే తన సొంత ఎత్తు ఒకటుంది. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది, గంటన్నరసేపు ప్రాణం పెట్టి నేర్పాడు. తను ఇందుకే పుట్టాననిపించింది.

అప్పుడు సెక్రటరీ ఫోను. "ఎక్కడున్నారండీ? జట్టంతా మీకోసం కూర్చుంది."

"గ్రౌండులోనే ఉన్నానండి."

"నేనూ గ్రౌండులోనే ఉన్నాను."

కోచ్ మెల్లిగా కెప్టెన్ వైపు తిరిగాడు.

"ఇప్పుడు చెప్పొచ్చా సార్? మా కోచ్ గారికి జ్వరం, మమ్మల్నే ఆడుకోమన్నారు. మీ జట్టు గోడకి అవతలుంది. ఆదివారం మీతో ఆడేది మేమే."

మిగిలిన నాలుగు రోజులూ తన ఎత్తుని ఎలా ఆపాలో తనే సొంత జట్టుకి నేర్పుతూ ఆయన గొంతు పోగొట్టుకున్నాడు. అయినా రెండు గోల్స్ తేడాతో ఓడారు. రెండూ కార్నర్ నుంచే. రెండోది కొట్టిన కెప్టెన్ ఈయన వైపు తిరిగి, "కరెక్టుగా వచ్చిందా సార్?" అని అడిగాడు కూడా.

తనని ఉద్యోగంలోంచి తీసేసేలోపే చెప్పాలని ఆయన నేరుగా సెక్రటరీ గదికి వెళ్ళాడు. "తప్పంతా నాదే. మనవాళ్ళని ఏమీ అనకండి. నాకు ఒక్క నెల టైమివ్వండి, ఈ జట్టుని నిలబెడతాను."

"నెలేంటండీ," అన్నాడు సెక్రటరీ. "గంటన్నరలో పరాయివాళ్ళకే అంత నేర్పారు. మనవాళ్ళకి మూడేళ్ళు నేర్పండి."

మర్నాడే ఉద్యోగం కాగితాలు వచ్చాయి. అందులో కోచ్ అన్న మాట పక్కనే గ్రౌండు నంబరు కూడా టైపు చేసి, కింద రెండు గీతలు గీశారు.