గోడలో త్రీ ఫేజ్

ఆ రోజు పొద్దున ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి ఓనరమ్మ తన మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వస్తుంది. అతను ఇల్లు చూస్తాడు. నచ్చితే నెలాఖరుకు అద్దెకున్న వీళ్లు ఖాళీ చేయాలి. నచ్చకపోతే ఇంకో రెండేళ్లకు ఒప్పందం కాగితం మీద ఆవిడ సంతకం పెడుతుంది. ఓనరమ్మ నలభై ఏళ్లు లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఏ సంగతినైనా ‘ఒకటి, రెండు’ అని చెప్పి ముగించడం ఆవిడ అలవాటు. ఇదీ అలాగే చెప్పి వెళ్లింది.

ఇల్లు వదలాల్సి వస్తే ఇల్లాలికి పోయేది ఇల్లు కాదు, వంటగది కిటికీ. దాని కింద వెడల్పాటి గట్టు ఉంది. భర్త ఆఫీసుకు వెళ్లాక, పది నుంచి పదకొండు దాకా, ఆ గట్టు మీద కాళ్లు పైకి పెట్టుకుని లైబ్రరీ పుస్తకం చదువుకోవచ్చు. వెలుగు సరిగ్గా పేజీ మీద పడుతుంది. పెళ్లయ్యాక కాపురమున్న నాలుగిళ్లలో ఆమె కాళ్లు పైకి పెట్టుకోగలిగిన చోటు అదొక్కటే. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ గంటలో చేయదగిన పనులేవో అందరికీ గుర్తొస్తాయి.

భర్త ఒక ఆఫీసు రికార్డు రూములో గుమాస్తా. ప్రతిదానికీ కాగితం ఉండాలనే మనిషి. పడకగది గోడకు నెమ్ము ఉందని మూడేళ్లుగా మొత్తుకుంటున్నాడు. "నా గోడలకు నెమ్ము లేదు. ఉందంటే సాక్ష్యం చూపించండి" అని ఓనరమ్మ కూడా మూడేళ్లుగానే అంటోంది. ఆ సాక్ష్యం కోసమే అతను ఫోన్‌కు తగిలించే వేడి కెమెరా తెప్పించాడు. దొరికిన వాటిలోకెల్లా చవకది. బొటనవేలంత నల్లముక్క. ఛార్జింగ్ వైరు పెట్టే చోట గుచ్చితే, ఫోన్ తెర మీద వేడిగా ఉన్నవి ఎర్రగా, చల్లగా ఉన్నవి నీలంగా కనిపిస్తాయి. దానితో పాటు పద్నాలుగు భాషల్లో, చీమ కాళ్లంత అక్షరాలతో ఒక కాగితం వచ్చింది. ప్రతిదానికీ కాగితం ఉండాలనే ఆ మనిషి దాన్ని చదవకుండా వంటగది సొరుగులో పడేశాడు.

"ఏవండీ, ఈ పూట మాత్రం గోడల మాట ఎత్తకండి" అంది ఇల్లాలు, కాఫీ ఇస్తూ. "మేనల్లుడి ముందు ఆవిడ ఇంటికి వంక పెట్టారంటే, అతనికి నచ్చకపోయినా మనల్ని పంపించేస్తుంది."

"నేనేం వంక పెట్టను. ఫొటో తీసి ఊరుకుంటా. అడిగితేనే చూపిస్తా."

"అడగరు."

"అయితే చూపించను. సరేనా? నోరు విప్పితే ఒట్టు."

తీరా చూస్తే పడకగది గోడ మోసం చేసింది. ఎండలు ముదిరి నెమ్మంతా ఆరిపోయినట్టుంది, ఎటు తిప్పినా తెర మీద ఒకే రంగు. సెలవు పెట్టి మరీ ఇంట్లో కూర్చున్న గుమాస్తాను చేతిలోని పరికరం ఊరుకోనివ్వలేదు. కాఫీ కప్పును చూశాడు. తను లేచిన కుర్చీని చూశాడు. కూర్చున్న గుర్తు ఎర్రగా ఇంకా అక్కడే ఉంది. ముచ్చటపడి భార్యను పిలిచాడు. ఆమె రాలేదు. అలా అలా తొమ్మిదిన్నరకు వంటగదిలోకి వచ్చాడు.

పొయ్యి వెనక గోడకు నూనె మరకలు పడకుండా నిలువెత్తు స్టీలు రేకు బిగించి ఉంది. ఏడేళ్లుగా తోమి తోమి దాని మెరుపు చచ్చిపోయింది. మొహం చూసుకుందామన్నా బూడిదరంగు మసక తప్ప ఏమీ కనిపించదు. గుమాస్తా ఫోన్ అటు తిప్పాడు. రేకు మధ్యలో ఎర్రటి ముద్ద ఒకటి భగభగలాడుతోంది.

"ఏమోయ్! గోడ కాలుతోంది!"

ఇల్లాలు వచ్చి రేకు మీద అరచెయ్యి ఆనించింది. "చల్లగా ఉందండీ."

"పైకి అలాగే ఉంటుంది. మంటంతా లోపల. లోపల వైర్లు పోతున్నాయి కదా!"

"లోపల కాలితే పైన వెచ్చబడదా?"

"నీకు తెలీదు, నువ్వు తప్పుకో" అని అతను ఇంకో అడుగు ముందుకు వేశాడు. ముద్ద పెద్దదైంది. ఇంకో అడుగు వేశాడు. ఇంకా పెద్దదైంది. "చూస్తుండగానే పెరుగుతోంది!" అని పరుగెత్తి మెయిన్ ఆపేశాడు. ఫ్యాను ఆగింది, ఫ్రిజ్ మూలిగి ఊరుకుంది. తిరిగి వచ్చి చూస్తే ముద్ద చెక్కుచెదరలేదు. కరెంటు తీసేసినా కాలుతోందంటే మంట పక్కింటి వైపు నుంచి రావాలి. గోడకు అవతల వాళ్ల వంటగదే.

పక్కింటి పిన్నిగారు పిలవగానే వచ్చింది. ఆవిడ పిలవకపోయినా వస్తుంది. పిలిస్తే చెప్పులు కూడా వేసుకోదు. "ఏదీ, ఏదీ" అంటూ గుమాస్తా భుజం పక్కన నిలబడి తెరలోకి తొంగిచూసింది.

ఒకటిగా ఉన్న ముద్ద రెండైంది.

"రెండోది మీ వైపు నుంచే వచ్చింది పిన్నిగారూ" అన్నాడు గుమాస్తా, ఫైలు మీద నంబరు వేసినంత నిశ్చయంగా.

"మా వైపు నుంచా? నేనింకా పొయ్యే వెలిగించలేదు నాయనా! మీ మంటలు మీ దగ్గర పెట్టుకోకుండా నా నెత్తిన రుద్దుతావేం?"

"అది కాదండీ, మీరు వచ్చాకే కదా రెండయ్యాయి!"

"అంటే నేను కాలు పెట్టిన వేళా విశేషమా?"

ఆ మాట ఎటు పోతుందో తెలిసిన ఇల్లాలు మధ్యలో దూరి, ముందు ఎలక్ట్రీషియన్ను పిలవమంది. పిన్నిగారు తన ఇంటికి పోయి గ్యాస్ బండను దొర్లించుకుంటూ వచ్చి వరండాలో నిలబెట్టింది. దాని పక్కన బట్టల సూట్‌కేసు పెట్టింది. సూట్‌కేసు మీద టీవీ రిమోట్ పెట్టింది. టీవీని తీసుకురావడం ఆవిడ వల్ల కాలేదు.

ఎలక్ట్రీషియన్ పదీ నలభైకి వచ్చాడు. మెడలో టేపు చుట్ట, చెవి మీద పెన్సిలు. ముందు రేకు అంచున ఉన్న ప్లగ్గులో టెస్టర్ పెట్టాడు. వెలగలేదు. "చూశారా సార్, టెస్టర్‌కి కూడా అందట్లేదు. అంత లోతులో ఉంది" అన్నాడు. మెయిన్ ఆపి ఉందన్న సంగతి గుమాస్తా మరిచిపోయాడు. ఎలక్ట్రీషియన్ అడగలేదు. తర్వాత గుమాస్తాకూ, తిరిగొచ్చిన పిన్నిగారికీ మధ్య నిలబడి తెరలోకి చూశాడు.

ముద్దలు మూడయ్యాయి.

ఎలక్ట్రీషియన్ మొహంలో భయం పోయి గౌరవం లాంటిది కనిపించింది.

"సార్, ఇది మామూలు మంట కాదు. త్రీ ఫేజ్."

"మా ఇంటికి సింగిల్ ఫేజే కదయ్యా?"

"అదే సార్ ప్రమాదం. కనెక్షన్ సింగిల్ ఫేజ్, మంట త్రీ ఫేజ్." అంటూ అతను తల గోక్కున్నాడు.

వెనక నుంచి చూస్తున్న ఇల్లాలికి తెర మీద ఒక వింత కనిపించింది. మధ్య ముద్దకు కొమ్మలాంటిది మొలిచి, అదీ తల గోక్కుంది. ఆమె మెల్లగా వచ్చి పిన్నిగారి పక్కన నిలబడింది. నాలుగో ముద్ద వచ్చింది.

"నాలుగోదేంటి?" అని అరిచింది పిన్నిగారు.

"న్యూట్రల్ అయ్యుంటుందమ్మా" అన్నాడు ఎలక్ట్రీషియన్, అప్పుడే దాని కోసమే ఎదురుచూస్తున్నట్టు.

ఇల్లాలు కుడిచెయ్యి కొద్దిగా పైకెత్తింది. న్యూట్రల్ కూడా ఎత్తింది. ఆమె దించింది. అదీ దించింది. తక్కిన ముగ్గురూ తమ తమ మంటల మీదే దృష్టి పెట్టారు గనక ఎవరూ గమనించలేదు. ఆమె వెనక్కు తగ్గి, సొరుగులోంచి కాగితం తీసి, కిటికీ దగ్గరకు వెళ్లింది. పద్నాలుగు భాషల్లో తెలుగు పదకొండోది. ఏ యంత్రం తర్జుమా చేసిందో గాని, చాలా మర్యాదగా ఉంది: ‘లోహపు ఉపరితలముల యెదుట జాగ్రత్త వహింపుడు. కంటికి మసకగా తోచు లోహము సైతము వేడికి అద్దమగును. తమరి సొంత ప్రతిబింబమును అగ్నిగా భావించి కంగారుపడరాదు.’

కంగారుపడుతున్న ముగ్గురినీ ఆమె ఒకసారి చూసింది. "ఏవండీ..." అని మొదలుపెట్టింది కూడా. సరిగ్గా అప్పుడే తలుపు తట్టారు. ఓనరమ్మ ఏ రోజూ ఆలస్యంగా రాదు. ఆ రోజు పది నిమిషాలు ముందే వచ్చింది.

ఇల్లాలు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లైబ్రరీ పుస్తకంలో దాచి, వెళ్లి తలుపు తీసింది.

ఓనరమ్మ వెనక మేనల్లుడు నిలబడి ఉన్నాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి. మూడంతస్తులు ఎక్కి వచ్చి చెమటలు కక్కుతున్నాడు. వరండాలో గ్యాస్ బండ, సూట్‌కేసు, రిమోట్ చూసినప్పటి నుంచి అతని మొహంలో ఏదో అనుమానం.

"కరెంటు ఎందుకు ఆపారు?" అంది ఓనరమ్మ, లోపల అడుగు పెడుతూనే.

గుమాస్తా నోరు తెరిచి, ఒట్టు గుర్తొచ్చి, మూసుకున్నాడు. ఆ పని ఎలక్ట్రీషియన్ అందుకున్నాడు.

"గోడలో ఉందండీ."

"ఏముంది?"

"త్రీ ఫేజ్. న్యూట్రల్ కూడా వచ్చింది, మళ్లీ లోపలికి పోయింది."

"అత్తయ్యా, ఏంటిది?" అన్నాడు మేనల్లుడు.

"తెలీదురా. చూద్దాం పద."

ఇల్లాలు పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. ఏడేళ్లలో ఎన్నడూ లేనంత వినయంగా, "మీరు ఇలా మధ్యలోకి రండి బాబూ. పొడుగ్గా ఉన్నారు, మీకైతే బాగా కనిపిస్తుంది" అంది.

అతను వచ్చి మధ్యలో నిలబడ్డాడు. తెర మీద మూడు ముద్దల మధ్య నుంచి, వాటన్నిటినీ మించి, రేకు పై అంచు దాకా ఒక మంట లేచింది. ఎండలో నడిచొచ్చిన మనిషి కదా, మిగతావాటికంటే ఎర్రగా ఉంది.

"అమ్మో! ఇదెప్పుడొచ్చింది!" అని పిన్నిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"హై టెన్షన్" అన్నాడు ఎలక్ట్రీషియన్ గొంతు తగ్గించి.

మేనల్లుడు భయపడి ముందుకు వంగి చూశాడు. మంట కూడా అతని మీదికి వంగింది. అంతే. "అత్తయ్యా, నేను ఆఫీసు దగ్గరే ఏదో ఒక గది చూసుకుంటాను" అన్న మాట మాత్రం వంటగదిలో వినిపించింది. మనిషి అప్పటికే మెట్లు దిగుతున్నాడు. రిమోట్ కింద పడిన చప్పుడైంది.

"చూశారా, పెద్దది ఆరిపోయింది!" అన్నాడు గుమాస్తా ఒట్టు మరిచిపోయి.

ఓనరమ్మ కళ్లజోడు తీసి పెట్టుకుంది. అతని చేతిలోని ఫోన్ తీసుకుని, రేకుకేసి పట్టుకుని, తెర వంకా, మనుషుల వంకా మార్చి మార్చి చూసింది. తర్వాత, ముప్పై మంది పిల్లల్ని ఒక్కసారిగా నిశ్శబ్దం చేసే గొంతుతో అంది:

"అందరూ చేతులెత్తండి."

గుమాస్తా ఎత్తాడు. ఎలక్ట్రీషియన్ టెస్టరుతో సహా ఎత్తాడు. పిన్నిగారు, ఎందుకో తెలియకపోయినా, రెండూ ఎత్తింది. గోడలోని మంటలు కూడా బుద్ధిగా చేతులెత్తాయి.

"లొంగిపోయాయి!" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"దించండి" అంది ఓనరమ్మ. దించారు. మంటలూ దించాయి. గుమాస్తాకు ముందుగా అర్థమైంది. అతని చెవులు ఎర్రబడ్డాయి, దానికి కెమెరా అక్కరలేదు. పిన్నిగారికి తర్వాత అర్థమై, గ్యాస్ బండ ఎవరైనా ఎత్తుకుపోతారని వరండాలోకి పరుగెత్తింది. ఎలక్ట్రీషియన్ మాత్రం ఇంకో రెండుసార్లు చెయ్యి ఎత్తి దించి చూసుకున్నాడు.

ఓనరమ్మ ఇల్లాలి వైపు తిరిగింది. ఆమె తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వెందుకు ఎత్తలేదు?"

"నేను తెరలో లేనండీ."

"అమ్మాయ్, నలభై ఏళ్లు క్లాసులో నిలబడ్డాను. జవాబు తెలిసీ చెయ్యి ఎత్తని పిల్లను గుర్తుపట్టలేననుకున్నావా? మా వాడు పారిపోతుంటే ఎందుకు చెప్పలేదు?"

గుమాస్తా భార్యకేసి వింతగా చూశాడు. ఇల్లాలు కిటికీ గట్టుకేసి చూసింది. ఎండ అప్పుడే దాని మీద నుంచి తప్పుకుంటోంది. బహుశా ఇదే ఆఖరు అనుకుంది. అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది.

"ఎవరూ అడగలేదండీ" అంది.

ఓనరమ్మ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. తర్వాత వెళ్లి ఆ కిటికీ గట్టు మీదే కూర్చుంది. కూర్చుని, అది సౌకర్యంగా ఉందని తెలిసినట్టు, ఒక కాలు పైకి పెట్టుకుంది. చేతిసంచిలోంచి ఒప్పందం కాగితం తీసింది.

"ఒకటి. తన వేడిని చూసి తానే పారిపోయేవాడి చేతిలో నా ఇల్లు పెట్టను. రెండు. ఆ కెమెరా ఇటివ్వండి."

"టీచరుగారూ, అది పడకగదిలో నెమ్ము..." అన్నాడు గుమాస్తా.

"నెమ్ము ఉందని నాకు తెలుసు. కట్టించినప్పటి నుంచీ ఉంది. వానలు రాకముందే మేస్త్రీని పంపిస్తాను. ముందు అది ఇవ్వండి."

క్లాసులో బొంగరంతో పట్టుబడిన పిల్లవాడిలా అతను నల్లముక్కను ఊడదీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని చేతిసంచిలో వేసుకుంది. ఒప్పందం మీద సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టబోయి ఆగి, షరతుల కింద తన గుండ్రటి అక్షరాలతో ఇంకోటి చేర్చింది: ‘గోడ కాలుచున్నదని అనుమానము కలిగిన యెడల, అద్దెకున్నవారు మొదట దానిని చేతితో తాకి చూడవలెను.’

ఆ పని ఇల్లాలు పొద్దున తొమ్మిదిన్నరకే చేసింది గాని, అప్పటికది షరతుల్లో లేదు.