తలుపు బందులు ఎటువైపు?

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి, ఒంటిగంటలోపు కోట తలుపు తెరిపించాలన్నది లిఫ్టాయన పథకం. ఆయన లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగి. అందుకే ఆయనుండే భవనంలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. వారానికోసారి ఆయనా, ఆయన అక్కా, ఆయన భార్య తమ్ముడూ ఆయన ఇంట్లో బల్ల చుట్టూ కూర్చుని ఒక ఆట ఆడతారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులై తామేం చేస్తారో చెబుతారు. ఆ పని అయిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. దేనికెంత పడాలో మూడు వందల పేజీల నియమాల పుస్తకంలో ఉంటుంది. కథ నడిపేది లిఫ్టాయనే. ఆ పుస్తకం ఆయనకు కంఠతా వచ్చు.

ఈసారి కథలో ఒక కోట, దానికి ఇనుప తలుపు, తలుపుకి మూడు తాళాలు. తాళంచెవులు మూడూ మూడు చోట్ల దాచిపెట్టి ఉన్నాయి. ఆరు వారాలు కూర్చుని నలభై రెండు పేజీలు రాశాడు. పోయిన నెలలో ఆటలో ఒక తాడు పొడవు దగ్గర మాటా మాటా పెరిగి, ఆయన అక్క నాలుగు వారాలు ఈ గడప తొక్కలేదు. "ఇంకోసారి అరుపులు వినబడ్డాయంటే బల్ల మడిచి అటక మీద పడేస్తాను," అని భార్య ముందే చెప్పేసింది. ఆవిడ ఫిజియోథెరపిస్టు. చెప్పిన పని చేయించడం ఆవిడ వృత్తి.

కథ తలుపు దాకా వచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది. ఆటలో యోధుడు ఆ బావమరిది. బయట ప్లంబరు.

"తాళాల సంగతి తర్వాత బావా. ఆ తలుపుకి బందులు ఎటువైపున్నాయి?"

"బయటివైపు," అనేశాడు లిఫ్టాయన, ఆలోచించకుండా.

"అయితే బందుల్లో పిన్నులు కొట్టేసి తలుపు దించేస్తాను. ఇంక తాళంచెవులు ఎవరిక్కావాలి?"

"నువ్వు తలుపు దించు," అంది లిఫ్టాయన అక్క. బడిలో రసాయనశాస్త్రం చెబుతుంది, ఆటలో మంత్రగత్తె. "నేను ఆ కాపలావాళ్లిద్దరికీ విషం పెట్టేస్తాను."

తెలివైన ఆలోచనలంటే లిఫ్టాయనకు మంట. నాలుగేళ్ల కిందట ఒక తెలివైనవాడు, తలుపు సరిగ్గా పడకపోయినా లిఫ్టు నడిచేలా చిన్న తీగముక్క ఒకటి పెట్టాడు. ఆ లిఫ్టులో ఒకావిడ రెండు వేళ్లు పోగొట్టుకుంది. నివేదిక రాసింది లిఫ్టాయనే.

"కుదరదు. పుస్తకంలో బందుల గురించి లేదు."

"పుస్తకంలో మనం కుర్చీల్లో కూర్చోవాలని కూడా లేదు. కూర్చోలేదా?" అన్నాడు బావమరిది.

"లేనిది లేదంతే."

"మీకు రాసుకున్న పేజీలు వేస్టవుతాయని బాధ. అది చెప్పండి."

నిజం కాబట్టి ఆ మాట సూటిగా వెళ్లి తగిలింది. లిఫ్టాయన గొంతు లేచింది. "ఒక్కడివీ, ఐదు నిమిషాల్లో, చప్పుడు కాకుండా తలుపు దించుతావా? వాగడం కాదు, చేసి చూపించు."

బావమరిది కిందికి వెళ్లి, వ్యాన్‌లోంచి పనిముట్ల పెట్టె తెచ్చి, ఆ గది తలుపు ముందే కూర్చున్నాడు. వంటింట్లోంచి కాఫీ తెస్తున్న భార్య ఆగిపోయింది.

"ఏమిటిది?"

"రుజువు," అన్నాడు ఆవిడ తమ్ముడు.

అక్క గడియారం చూస్తూ ఉంది. నాలుగు నిమిషాలకల్లా పిన్నులు మూడూ బయటికొచ్చాయి.

"బావా, ఆ చివర కాస్త పట్టుకోండి."

"పట్టుకోను. కోట దగ్గర నువ్వొక్కడివే."

బావమరిది చెవులు ఎర్రబడ్డాయి. పళ్లు కొరికి తలుపు ఒక్కడే ఎత్తాడు. ఎత్తగలిగాడు కానీ ఆపలేకపోయాడు. తలుపు అలాగే తిరిగి, దాని మూల నడవాలో ఉన్న వాష్‌బేసిన్ కింది పైపుకి తగిలింది. పైపు విరిగింది. నీళ్లు ఎదుటి గోడ దాకా చిమ్మాయి.

"ఈ పైపు నేను బిగించింది. పదేళ్లు కదలదని మాటిచ్చాను," అన్నాడు బావమరిది, తడిసిన మొహంతో.

"కదిలింది," అన్నాడు లిఫ్టాయన. పొద్దున్నించీ ఆయనకు దక్కిన తృప్తి అదొక్కటే.

భార్య వెళ్లి వాల్వు కట్టేలోపు నడవా చెరువైంది. కింది ఫ్లాట్ ఆవిడ అప్పటికే ఫోన్ చేతిలో పట్టుకుని ఉంది. ఇద్దరికి విషం పెడతానన్న మాట ఆవిడ కిటికీలోంచి విన్నది. తర్వాత తలుపు దించే గొడవ, ఆ తర్వాత పెద్ద చప్పుడు, ఆపైన తన పైకప్పు నుంచి కారుతున్న నీళ్లు. ఆవిడ పోలీసులకు ఫోన్ చేసింది. చేయకపోతేనే ఆశ్చర్యం.

కానిస్టేబులు వచ్చి, తలుపు లేని గుమ్మాన్నీ, సుత్తినీ, తడిసిన నలుగురినీ వరసగా చూశాడు.

"విషం పెట్టిందెవరు?"

"నేనే," అంది అక్క. పిల్లల చేత నిజం చెప్పించే మనిషి.

"ఎంతమందికి?"

"ఇద్దరికి."

"పోయారా?"

తప్పు సమాచారం లిఫ్టాయన భరించలేడు. "ఇంకా లేదండి. పాచిక వెయ్యాలి."

ఆ ఒక్క వాక్యాన్ని విడమరిచి చెప్పడానికి ముప్పావు గంట పట్టింది. కానిస్టేబులు నలభై రెండు పేజీల్లో మూడు చదివి, ఇలాంటిది ఎవరూ కల్పించి చెప్పలేరని నమ్మాడు. కానీ చేతిలో ఫారం ఉంది.

"ఫిర్యాదు మూసెయ్యాలంటే కారణం రాయాలి. దొంగతనం, కొట్లాట, మరమ్మతు చప్పుడు. ఈ మూడే ఉన్నాయి. ఆట లేదు. లేనిది నేనెలా రాస్తాను? నలుగురూ స్టేషనుకి రండి."

"ఫారంలో లేనంత మాత్రాన మనుషులు ఆటలాడరా?" లిఫ్టాయన మండిపడ్డాడు. "కాస్త బుర్ర వాడండి."

అక్కా, భార్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లిఫ్టాయన ఫారం లాక్కున్నంత పని చేశాడు. "మరమ్మతు చప్పుడని రాయండి. పైపు విరిగి ఉంది, ప్లంబరున్నాడు, పనిముట్లున్నాయి. తలుపు అడ్డమొస్తే తీశాం."

కానిస్టేబులు ఆలోచించాడు. "సరే. పనివాడు సంతకం పెట్టాలి."

"నేను పెట్టను," అన్నాడు బావమరిది. "నా లైసెన్సు పైపులకే. తలుపులు అందులో లేవు. పైగా తలుపు తీశాక పైపు విరిగింది కానీ, విరిగాక తలుపు తియ్యలేదు."

"ఏది ముందో ఏది వెనకో ఫారంలో అడగలేదు."

"అడక్కపోయినా అబద్ధం అబద్ధమే బావా. రూలంటే రూలే."

లిఫ్టాయన బల్ల మీద గుద్దిన గుద్దుకి పాచికలు ఎగిరి నీళ్లలో పడ్డాయి. అప్పుడు భార్య నోరు విప్పింది. ఆవిడకు కోపం ఎక్కువయ్యేకొద్దీ గొంతు తగ్గుతుంది. ఆ మాట పక్కవాళ్లకు సరిగ్గా వినబడలేదు కూడా.

"సంతకం పెట్టు."

తమ్ముడు పెట్టాడు. కానిస్టేబులు వెళ్లాడు. కింది ఆవిడ పైకప్పుకి తనే రంగు వేస్తానని బావమరిది ఒప్పుకున్నాడు, రంగులు కూడా లైసెన్సులో లేకపోయినా.

భార్య బల్ల మడవడానికి వచ్చింది. లిఫ్టాయన తడిసిన పేజీలు ఒక్కొక్కటే విడదీస్తూ కూర్చున్నాడు. ఆయన్ని చూసి ఆవిడ చేతులు ఆగాయి. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తలుపు దించొచ్చని కళ్లారా చూశాను. ఇంతకీ లోపలేముంది?"

లిఫ్టాయన చివరి పేజీ తిప్పాడు. నలభై రెండు పేజీలూ తాళంచెవుల గురించే. లోపలేముందో ఆయన రాసుకోలేదు. పుస్తకం వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. కోపం ఇంకా గొంతులోనే ఉంది. ఆ గొంతుతోనే చెప్పడం మొదలుపెట్టాడు. లోపల ఒక ముసలి రాణి, తనను ఇన్నాళ్లూ ఎందుకు తాళం వేసి ఉంచారని అందరి మీదా మండిపడుతూ కూర్చుని ఉంది. మూడున్నర దాకా ఎవరూ లేవలేదు. అక్క వెళ్తూ వెళ్తూ, వచ్చే వారం పెందలాడే వస్తానంది.

ఆ తర్వాతి వారానికి లిఫ్టాయన నియమాల పుస్తకం చివరి పేజీలో సొంత దస్తూరీతో ఒక నియమం చేర్చాడు: ఆటలో చేసే పనిని ఇంట్లో చేసి చూపించరాదు.

బావమరిది దాన్ని రెండుసార్లు చదివి, మెట్లు 'ఇంట్లో' అన్న మాట కిందికొస్తాయా రావా అని అడిగాడు.