జూలుజ్వరం

ఒక పెద్ద అడవిలో జబ్బు పడాలన్నా పద్ధతి ఉండేది. ఆసుపత్రి గోడ మీద రాసిన పేర్లలోనే ఏదో ఒకటి పడాలి. పేరు లేని జబ్బుకి మందు లేదు.

కుందేలు నూకాలు మొగుడికి ఒళ్లు కాలిపోతోంది, కడుపు ఉబ్బింది, ఆగకుండా ఎక్కిళ్లు. వీపున మోసుకొచ్చి ఆసుపత్రిలో పడుకోబెట్టింది. ఎలుగుబంటి డాక్టరు నాడి చూసి మందు గిన్నె అందుకున్నాడు.

"ఆగండాగండి!" అంది గుడ్లగూబ.

పేర్ల గోడకి పెద్ద అదే. పాత పేర్లు చాలడం లేదని ఈమధ్యే గోడ నిండా గళ్లు గీయించింది. పక్కన రోగులు, పైన లక్షణాలు. ఉన్న లక్షణానికల్లా ఇంటూ మార్కు. ఒకే రకం ఇంటూలు పడ్డవాళ్లందరిదీ ఒకే జబ్బు. దానికి పేరు లేకపోతే కొత్తది పెడతారు.

"మీ ఆయన ఇంటూలు ఎవరితోనూ కలవలేదమ్మా. ఒక్కడి కోసం పేరు పెట్టలేం. ఇంకొకరికి వచ్చేదాకా ఆగాలి."

"అప్పటిదాకా ఈయన ఆగాలి గదా అమ్మగారూ!"

"అది డాక్టరుగారి శాఖ."

డాక్టరుగారు గిన్నె మీద మూత పెట్టేశాడు.

మర్నాడే ఇంకొకరికి వచ్చింది. సాక్షాత్తూ సింహం ప్రభువుకి! అదే జ్వరం, అదే ఉబ్బరం, అవే ఎక్కిళ్లు. నూకాలుకి ప్రాణం లేచొచ్చింది.

"ప్రభూ, తమదీ ఈ కుందేలుదీ ఒకటే జబ్బు," అంది గుడ్లగూబ.

"నాకు కుందేలు జబ్బా? హిక్! ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడు!"

గుడ్లగూబ గబగబా కొత్త గడి గీయించింది: 'జూలు ఉండుట'. ప్రభువుకి ఇంటూ పడింది, కుందేలుకి ఖాళీ. జబ్బులు రెండయ్యాయి. ప్రభువుగారి దానికి జూలుజ్వరం అని పేరు పెట్టి, చప్పట్లు కొట్టి, మందు పోశారు.

"ఒక్కడికి పేరు పెట్టలేమన్నారుగా?" అంది నూకాలు.

"ప్రభువంటే ఒక్కడా? అడవంతా ఆయనేగా!"

మొగుడి ఎక్కిళ్లు సన్నబడిపోతున్నాయి. నూకాలు బయటికెళ్లి ఎండుగడ్డి పీక్కొచ్చి ఆయన మెడ చుట్టూ కట్టింది.

"ఇదిగోండి, జూలు."

"అది గడ్డే!"

"జూలు ఉండాలన్నారు. దేంతో చేసిందై ఉండాలో రాయలేదుగా?"

గుడ్లగూబ గోడ చూసింది, మెడ చూసింది. కాదంటే గోడ తప్పని ఒప్పుకోవాలి. ఇంటూ పెట్టేసింది. డాక్టరు మందు పోశాడు. సాయంత్రానికి కుందేలు లేచి కూచుని తన జూలు తనే నమిలాడు.

ఈ కబురు అడవంతా పాకింది. కాలు విరిగిన నక్క కూడా మెడకి గడ్డి చుట్టుకుని ఎక్కిళ్లు పెడుతూ దిగింది. అంతలో ప్రభువుకి జ్వరం తిరగబెట్టింది. వచ్చి చూస్తే వాకిలి నిండా సింహాలే. మందు గిన్నె అడుగంటింది.

"నేను అసలు సింహాన్ని!" అని గర్జించబోయి ఎక్కిళ్లు పెట్టాడు.

"అందరూ అదే అంటున్నారు. వెనక నిలబడండి," అంది గుడ్లగూబ, గోడ మీంచి చూపు తిప్పకుండా.

కాబట్టి జబ్బు పడదలచుకున్నవాళ్లు, ముందు అది గొప్పవాళ్లకి వచ్చిందో లేదో కనుక్కుని మరీ పడండి.